బాయి దిగిన నడుము

బెల్లంపల్లి బస్తీల్లో నడుము పట్టిన మనిషి ముందుగా వెతికేది డాక్టరును కాదు, ఎదురుకాళ్ళతో పుట్టిన పిల్లగాణ్ణి. వాకిట్లో గోనెపట్టా పరిచి బోర్లా పడుకుంటే, ఆ పిల్లవాడు వచ్చి నడుము మీద మూడుసార్లు కాలు ఆనించి పోవాలి. మా చిన్నప్పుడు వాడకొకడు ఇట్లాంటివాడు ఉండేవాడు. బొగ్గుబాయిలో మొదటి షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు వాడికి బిస్కెట్ పుడా కొనిచ్చి మరీ తొక్కించుకునేవాళ్ళు. నాలుగు రోజులకు నడుము వదిలేది. పిల్లగాడి పేరు నిలబడేది.

ఇందులో మర్మం పెద్దగా లేదు. ఉన్నట్టుండి పట్టిన నడుము చాలామందిలో కొద్ది వారాల్లో దానంతటదే వదులుతుంది. ఈలోగా ఎవరు తొక్కితే వాళ్ళకు, ఎవరు సూదేస్తే వాళ్ళకు, ఎవరు తైలం రాస్తే వాళ్ళకు ఆ ఘనత దక్కుతుంది. కాబట్టి పిల్లగాణ్ణి చూసి నవ్వేవాళ్ళు సూదిమందును చూసి కూడా కొంచెం నవ్వాలి. 2014లో లాన్సెట్ పత్రికలో ఆస్ట్రేలియా పరీక్ష ఒకటి అచ్చయింది. కొత్తగా నడుము పట్టిన 1,652 మందిని తీసుకుని కొందరికి పారాసెటమాల్, కొందరికి ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి చూశారు. తగ్గడానికి పట్టిన రోజుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అసలు చిక్కు పట్టుతో కాదు, పాతనొప్పితో. మూడు నెలలు దాటినా వదలనిదాన్ని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. బొగ్గుబాయి ప్రాంతంలో దీనికి కొదవ లేదు. గోదావరి లోయలో బొగ్గు పొరలు మందంగా ఉంటాయి కనుక, పాతకాలపు బ్రిటిష్ గనుల్లోలాగా మనిషి పాకుతూ పనిచేయాల్సిన అవసరం ఇక్కడ అంతగా రాలేదు. మన నడుములు విరిగింది వేరేచోట. తట్టా చెమ్మస్ (గంపా పారా) కాలంలో కోల్ ఫిల్లరు వంగి బొగ్గు ఎత్తి, నడుము తిప్పి టబ్బులో పోసేవాడు. వంగడం, బరువు, తిప్పడం, ఈ మూడూ ఒకే కదలికలో. షిఫ్టంతా అదే. పైకప్పుకు దిమ్మెలు పెట్టే సపోర్టు పనివాళ్ళకు భుజాలు పోయేవి. ఏటవాలు ఇంక్లైన్ ఎక్కి దిగి మోకాళ్ళు అరిగేవి. తర్వాత యంత్రాలొచ్చాయి, ఓపెన్‌కాస్ట్‌లొచ్చాయి. బరువు తగ్గింది, కుదుపు వచ్చింది. గుంతల దారిలో ఎనిమిది గంటలు డంపరు మీద కూర్చున్నవాడి వెన్నుపూసను సీటు కిందినుంచి ఎవరో సుత్తితో కొట్టినట్టే ఉంటుంది.

1990 ప్రాంతంలో సింగరేణి బొగ్గు సంస్థలో పనిచేసేవాళ్ళు లక్షా పదహారు వేలమంది. ఇప్పుడు దాదాపు నలభై వేలు. బెల్లంపల్లి ఏరియా అనే పేరు మిగిలింది కానీ దాని జీఎం ఆఫీసు గోలేటిలో ఉంది. పట్నం చుట్టూ ఉన్న పాత బాయిలు చాలావరకు మూతబడ్డాయి. బాయి మూసినా దాంట్లో దిగిన నడుము ఇంటికొచ్చింది. కన్నాల బస్తీలో ఏ అరుగు మీద కూర్చున్నా ఈ లెక్క మనిషి రూపంలో ఎదురవుతుంది.

ఆ నడుమును ఎవరి చేతిలో పెట్టాలన్నదే ప్రశ్న. చేతులతో ఎముకా కండా సవరించే ఆస్టియోపతీ అన్న మాట మన వాడల్లో వినపడదు. దాని పుట్టుక కథ మాత్రం మనకు కొత్తగా అనిపించదు. ఆండ్రూ టేలర్ స్టిల్ అనే అమెరికా వైద్యుడు 1864లో తన ముగ్గురు పిల్లలను మెదడువాపు లాంటి జబ్బుకు పోగొట్టుకున్నాడు. అప్పటి మందుల మీద నమ్మకం పోయింది. 1874లో కొత్త పద్ధతి ప్రకటించాడు, 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కర్క్స్‌విల్‌లో బడి పెట్టాడు. శరీరం ఒకే ముక్క, ఎముకా కండా సరిగ్గా కుదిరితే అది తన్ను తాను బాగుచేసుకుంటుంది, వైద్యుడి చేయి ఆ కుదురును తెస్తే చాలు అన్నది ఆయన మాట. జనం ఆయన్ను మెరుపులా ఎముకలు కట్టేవాడని పిలిచారు. మన చిత్తూరు వైపు పుత్తూరు కట్టుకు కూడా ఇట్లాంటి పేరే. ఆకుపసరు, గుడ్డు, వెదురుబద్దలు, గుడ్డపేలికతో విరిగిన ఎముకను కట్టే ఆ విద్య కోసం తెలుగు నేల నలుమూలల నుంచీ బస్సులెక్కి పోయినవాళ్ళున్నారు. అయితే అమెరికాలో స్టిల్ వారసులు కాలక్రమాన మందులూ శస్త్రచికిత్సలూ నేర్చుకుని పూర్తిస్థాయి డాక్టర్లయ్యారు. బ్రిటన్‌లో వాళ్ళు చేతివైద్యులుగానే ఉండి, 1993లో చట్టం కిందికి వచ్చారు. మన దగ్గర ఆ పని ఫిజియోథెరపిస్టు, ఆయుర్వేదంలో కటి వస్తి చేసేవాళ్ళు, మాలీష్ చేసేవాడు, షేవింగ్ అయ్యాక మెడ విరిచే మంగలి పంచుకున్నారు. వీళ్ళందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. నొప్పితో వెళ్ళేవాడికి మాత్రం వీళ్ళు పక్కపక్క దుకాణాలే.

చేతివైద్యం నిజంగా పనిచేస్తుందా? 2013లో అమెరికాలో 455 మంది పాతనడుము నొప్పి రోగుల మీద ఒక పరీక్ష జరిగింది. కొందరికి అసలు ఆస్టియోపతీ, కొందరికి ఊరికే చేతులు ఆనించే నటన. నొప్పి సగానికి పైగా తగ్గినవాళ్ళు మొదటి గుంపులో నూటికి 50 మంది, నటన గుంపులో 35 మంది. వాదించేవాళ్ళు ఇక్కడే ఆగుతారు. 2021లో ఫ్రాన్స్‌లో 400 మంది మీద ఇట్లాంటి పరీక్షే మళ్ళీ చేస్తే, రోజువారీ పనుల్లో ఇబ్బంది కొంచెం తగ్గింది గానీ, అది రోగి గుర్తుపట్టేంత తేడా కాకపోవచ్చని పరిశోధకులే రాశారు. నాకైతే మొదటి పరీక్షలోని 35 మందే ఎక్కువ ఆసక్తి. ఉత్తుత్తిగా చేయి వేసినా మూడోవంతు మందికి నొప్పి సగం తగ్గింది. ఇది మోసమనే తొందర అక్కర్లేదు. దెబ్బ తగిలిన చోట రుద్దుకుంటే నొప్పి ఎందుకు తగ్గుతుందో 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం చెప్పారు: వెన్నుపాములో నొప్పి వార్తకు ఒక తలుపులాంటిది ఉంటుందని, స్పర్శ ఆ తలుపును కొంత మూస్తుందని. ఆ 35 మందిలో తలుపు పని ఎంతో, కాలం చేసే మేలు ఎంతో, నమ్మకం ఎంతో విడదీయడం కష్టం. మా అమ్మ ఉప్పుమూట కాపడం పెట్టేటప్పుడు ఇదంతా ఆమెకు తెలియదు. తలుపు మాత్రం మూసుకునేది.

ఇక ఆసుపత్రి వైపు చూద్దాం. ఏ పెద్ద ఆసుపత్రి ఓపీలోనైనా నడుము నొప్పి రోగికి దొరికేది కొద్ది నిమిషాలు. ఎక్స్‌రే, డైక్లోఫినాక్, రబ్బరు బెల్టు. డబ్బుంటే ఎమ్మారై. అందులో డిస్కు జరిగిందని రాగానే మనిషి సగం చచ్చిపోతాడు. ఏ నొప్పీ లేనివాళ్ళకు తీసిన స్కాన్లను కలిపి లెక్కేస్తే, ఇరవయ్యేళ్ళ వయసులోనే నూటికి 37 మందికి డిస్కుల్లో అరుగుదల కనపడింది, ఎనభయ్యేళ్ళకు 96 మందికి. అంటే ఆ చిత్రంలో కనిపించేది చాలాసార్లు నెరిసిన జుట్టులాంటిదే. ఆ మాట రోగికి చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. పైగా ఏళ్ళ తరబడి మింగే నొప్పిబిళ్ళ కడుపులో పుండు చేస్తుంది, కిడ్నీని దెబ్బతీస్తుంది. సందు చివర ఆర్‌ఎంపీ ఇచ్చే 'పవర్ బిళ్ళ'లో స్టెరాయిడ్ ఉంటే మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, ఎముక గుల్లబారుతుంది. నొప్పి మాత్రం బాగా తగ్గుతుంది, అదే ప్రమాదం.

ఆసుపత్రి చేయగలిగి, తైలం చేయలేనిదీ ఒకటి ఉంది. వెన్ను క్షయను పసిగట్టడం. రాత్రిపూట చెమటలు, సన్నటి జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా వదలని నొప్పి ఉంటే అది మాలీష్ చేయాల్సిన నడుము కాదు. రెండు కాళ్ళూ తిమ్మిరెక్కి మూత్రం మీద పట్టు పోతే గంటలు లెక్కపెట్టుకుని సర్జన్ దగ్గరికి పోవాలి. ఇట్లాంటివాళ్ళలో కొందరు నెలల తరబడి పసరు కట్టుకుని, కాళ్ళు పడిపోయాక ఆసుపత్రికి వస్తారు. గట్టిగా బిగించిన కట్టు కింద రక్తం ఆడక చేయి కుళ్ళిన సంగతులు ఎముకల డాక్టర్లందరికీ తెలుసు. మెడ విరుపు వల్ల మెడలోని రక్తనాళం చీలి పక్షవాతం రావడం అరుదు, కానీ వస్తే చిన్న ప్రమాదం కాదు. 'సహజం' అన్న మాట కూడా హామీ కాదు. ఇంటర్నెట్లో అమ్మే ఆయుర్వేద మందులు 193 కొని పరీక్షిస్తే అయిదింట ఒకదానిలో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో దొరికిందని 2008లో అమెరికా వైద్యపత్రిక ఒకటి రాసింది. ఇది ఆయుర్వేదం మీద తీర్పు కాదు, ఆ సీసాల మీద తీర్పు. కానీ రోగి మింగేది సీసాలోదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పి మీద మార్గదర్శకాలు తెచ్చింది. వాటిని చదివితే రెండు పక్షాలకూ కొంచెం గర్వభంగం అవుతుంది. వ్యాయామం, నొప్పి గురించి రోగికి అర్థమయ్యేలా చెప్పడం, మనసుకు సంబంధించిన చికిత్స, మర్దన, వెన్నును చేత్తో సవరించడం, కొన్ని నొప్పిమందులు, వీటికి సరే అంది. నడుము బెల్టుకూ, ట్రాక్షన్‌కూ, నల్లమందు జాతి మందులకూ వద్దంది. మన ఫిజియోథెరపీ గదుల్లో ట్రాక్షన్ బల్ల లేనిది అరుదు, మన బజారులో బెల్టు దొరకని మందుల షాపు అరుదు. చేత్తో చేసే వైద్యం లోపలికి వచ్చింది, నిజమే. కానీ వ్యాయామం పక్కన చిన్న పీట మీద కూర్చుంది. అది న్యాయమైన స్థానమే అనుకుంటాను. చేయి వేసినప్పుడు నొప్పి తగ్గేది కొన్ని రోజులు. ఆ కొన్ని రోజుల్లో మనిషిని లేపి నడిపించగలిగితే లాభం, లేకపోతే వారం వారం డబ్బిచ్చి పడుకోవడమే. యోగా కథా అంతే. నడుము నొప్పికి యోగా మీద జరిగిన పరీక్షలను కలిపి చూసిన 2017 నాటి కొక్రేన్ సమీక్ష, కొద్దిపాటి నుంచి మధ్యరకం మేలు దాకా చెప్పింది. అద్భుతం చెప్పలేదు.

ఇంతవరకూ వాదం ఏ ఊరికైనా వర్తిస్తుంది. బెల్లంపల్లికి ప్రత్యేకమైన ముడి ఇంకొకటుంది. సంపూర్ణ వైద్యం అంటే మనిషిని మొత్తంగా చూడడం అంటారు: తిండి, నిద్ర, శ్వాస, దిగులు. మనిషిని మొత్తంగా చూస్తే బాయి కూడా అందులోనే వస్తుంది. డంపరు సీటు వస్తుంది, వరుస నైట్ షిఫ్టులు వస్తాయి. 'నువ్వు కూర్చునే తీరు సరిగా లేదు, నీ ఆలోచన సరిగా లేదు' అని కార్మికుడితో చెప్పే వైద్యం ఎంత మెత్తగా చెప్పినా, నేరం పని మీదినుంచి మనిషి మీదికి జరుపుతుంది. బ్రిటన్ 2009లో, బాయిలో కనీసం పదేళ్ళు పనిచేసినవాళ్ళ మోకాలి అరుగుదలను వృత్తివ్యాధుల పట్టీలో చేర్చింది. జర్మనీ బరువు ఎత్తేవాళ్ళ, కుదుపు తినేవాళ్ళ నడుమును 1993 నుంచి లెక్కలోకి తీసుకుంటోంది. మన పాత గనుల చట్టం కింద ప్రకటించిన జబ్బుల్లో సిలికోసిస్ ఉండేది, ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకునే జబ్బు ఉండేది, పెద్ద శబ్దాల వల్ల వచ్చే చెవుడు ఉండేది. నడుము లేదు, మోకాలు లేదు.

కాబట్టి ఇక్కడ నొప్పి తన్ను తాను నిరూపించుకోవాలి. 2017లో హైకోర్టు సింగరేణి వారసత్వ ఉద్యోగాలను కొట్టేశాక, కారుణ్య నియామకం పేరుతో మిగిలిన దారి మెడికల్ బోర్డు. కొలువులో ఉండగా తండ్రి చనిపోతే తప్ప, అన్‌ఫిట్ అయితేనే పిల్లలకు కొలువు. దీన్ని చూసి బయటివాళ్ళు దొంగనొప్పి అని తేలిగ్గా అంటారు. నేను అనను. దిగులూ, అనిశ్చితీ నొప్పిని పెంచుతాయని, నొప్పి గురించి మనం నమ్మేదే నొప్పిలో ఒక భాగమని సంపూర్ణ వైద్యులే చెబుతారు. మరి నయమైతే ఇల్లు నష్టపోతుందన్న చోట, లోపలి మనిషి ఏ వైపు లాగుతాడు? అబద్ధం ఆడకుండానే, తెలియకుండానే నడుము మొండికేస్తుంది. ఏ తైలమూ, ఏ సర్జనూ అందుకోలేని చోటది. దానికి కావలసింది చట్టంలో నడుముకు ఒక చోటు, అన్‌ఫిట్‌కూ ఫిట్‌కూ నడుమ తేలికపని అనే మెట్టు. అవి లేకుండా శ్వాస మీద ధ్యాస పెట్టమనడం నాకు సగం వైద్యంగానే కనిపిస్తుంది. మాత్ర రాసి పంపడం అందులోనూ సగం.

మొన్న మా వాడలో ఒక పాత కోల్ ఫిల్లరు గ్రౌండులో నడుస్తూ కనపడ్డాడు. రిటైరై పద్నాలుగేళ్ళు.

"ఏం కాకా, నడుమెట్లున్నది?"

"ఎట్లుంటది బిడ్డా, కూసుంటె లేవనిస్తలేదు, లేస్తె కూసోనిస్తలేదు. అందుకే నడుస్తున్న."

పొద్దున వావిలాకు మరిగించి స్నానం, సాయంత్రం ఫిజియో పిల్ల నేర్పిన నాలుగు కసరత్తులు, బాగా పట్టినరోజు ఒక బిళ్ళ. ఏది పనిచేసిందో అడిగితే, "అన్ని జేస్తున్నగద, ఏదని జెప్పాలె" అన్నాడు.

"బెల్టేది కాకా? కట్టుకుంటలేవా?"

"కోళ్ళగంప కూలిపోతుంటె దానికి గట్టిన. గిప్పుడు దానికి నడుము నొస్తలేదు."