బడి గేటు ముందు ఎవరి వీధి?

నంబరు ప్లేటు చివరి అంకెను బట్టి కార్లను రోజు విడిచి రోజు రోడ్డెక్కనిచ్చే సరి-బేసి విధానాన్ని 2016 జనవరిలో ఢిల్లీ ప్రభుత్వం తొలిసారి అమలు చేసింది. అప్పుడు బడులకు సెలవులిచ్చి, వాటి బస్సులను నగర రవాణాకు మళ్లించింది. ఏప్రిల్‌లో రెండో విడత వచ్చేసరికి బడులు నడుస్తున్నాయి. దాంతో యూనిఫాం ధరించిన పిల్లలున్న కార్లకు మినహాయింపునివ్వక తప్పలేదు. పిల్లలను దించి ఖాళీగా ఇంటికి మళ్లే కారు మాటేమిటన్న ప్రశ్న అప్పట్లో పెద్ద చర్చకే దారితీసింది.

రాజధానిలో కార్లపై విధించిన అంతటి సాహసోపేతమైన ఆంక్ష కూడా బడి గేటు దగ్గరికి వచ్చేసరికి తల వంచింది. కారులో పిల్లలను దించే మధ్యతరగతి తల్లిదండ్రులతో తలపడటానికి ఏ పార్టీ సిద్ధంగా లేదు.

ఏ నగరంలోనైనా పెద్ద ప్రైవేటు బడి ముందు ఉదయపు దృశ్యం ఒకటే. రెండు వరుసల్లో నిలిచిన కార్లు, ఆపని ఇంజన్లు, ఆగని హారన్లు. వాటి సందుల్లోంచి బరువైన సంచీతో నడిచి వచ్చే పిల్ల డ్రైవరు కంటికి ఆనదు. రోడ్డు ప్రమాదకరం కనుకనే కారులో దించుతున్నామంటారు తల్లిదండ్రులు. ఆ భయం అబద్ధం కాదు. అయితే ఆ ప్రమాదాన్ని పెంచుతున్నదీ ఆ కార్లే. 2011 జనగణన నాటికి దేశంలో కారు ఉన్న కుటుంబాలు నూటికి ఐదు కూడా లేవు. నగరాల్లో ఆ సంఖ్య ఎక్కువే, తర్వాత పెరిగింది కూడా. అయినా వీధిని ఆక్రమించేది కొందరు, దాటలేక నిలబడేది ఇంకొకరు.

బడి మొదలయ్యే, విడిచే వేళల్లో ఆ ఒక్క వీధిలోకి కార్లను రానీయకపోవడం కొత్త ఆలోచనేమీ కాదు. ఇటలీలోని బోల్జానో నగరం 1989లోనే దీన్ని మొదలుపెట్టింది. లండన్, పారిస్ చాలా ఆలస్యంగా ఆ బాట పట్టాయి. మన దగ్గర చట్టం అడ్డు అనుకోవడానికీ వీల్లేదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 115వ సెక్షను ప్రజల భద్రత కోసం ఒక రహదారిపై వాహనాలను నియంత్రించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికీ, అది నియమించిన అధికారికీ ఇస్తోంది. నెల రోజులకు మించని ఆంక్షకైతే గెజిట్ ప్రకటన కూడా అవసరం లేదు. ఒక నెల ప్రయోగం చేసి చూడటానికి కావలసింది ఆ అధికారి సంతకం, రెండు బారికేడ్లు, ఒక కానిస్టేబులు.

అసలు చిక్కు అమలులో ఉంది. ఆంక్ష అనగానే పోలీసుల లాఠీ ముందు ఆటో మీద పడుతుంది. ఒక్క పిల్లవాడిని మోసుకొచ్చే కారు నిలిచిపోయి, ఆరుగురిని తెచ్చే ఆటో వెళ్లగొట్టబడితే ఆ ఆంక్ష పేదవాడిపై మరో జరిమానాగా మిగులుతుంది. బడి బస్సు, ఆటో, వికలాంగ పిల్లల వాహనం, ఆ వీధి నివాసులు, అంబులెన్సు: వీటికి దారి వదిలి, తక్కిన కార్లను రెండు వందల మీటర్ల దూరంలో ఆపాలి. ఆ రెండు వందల మీటర్లూ నడవడానికి కాలిబాట ఉండాలి. అది లేని వీధిలో బారికేడు కన్నా ముందు మునిసిపాలిటీ పని మొదలుపెట్టాలి.

మినహాయింపుల జాబితా పెరగకుండా చూడటం అన్నిటికన్నా కష్టం. సరి-బేసిలో రాష్ట్రపతి మొదలు కేంద్ర మంత్రుల వరకూ అందరికీ మినహాయింపు దొరికింది. ఢిల్లీ ముఖ్యమంత్రి మాత్రం తనకు తీసుకోలేదు. బడి వీధిలో ఆంక్ష వస్తే, బారికేడు దగ్గర ఎమ్మెల్యే స్టిక్కరున్న కారును కానిస్టేబులు ఆపగలడా అన్నది మొదటి రోజు ఉదయమే తేలిపోతుంది.