వెదకని చోట దొరకని క్రిమి

1997 ఆగస్టులో ఐరోపా సమాజము మన మత్స్యోత్పత్తులపై నిషేధము విధించినప్పుడుగాని మన కర్మాగారములలోని నేలలు, గోడలు, నీటితొట్లు ఏ స్థితిలో నున్నవో మన పెద్దలకు తెలిసిరాలేదు. ఆ పరాభవానంతరము తెల్లని పలకలు, ఉక్కు బల్లలు, తలకు టోపీలు వచ్చినవి. విశాఖపట్టణము మొదలు నెల్లూరు వరకు గల రొయ్యల ప్లాంట్లు నేడు కంటికి పరిశుభ్రముగనే కానవచ్చుచున్నవి. కాని కంటికి కనబడని శత్రువు విషయమున మన శ్రద్ధ ఇప్పటికిని పైపూతగనే యున్నది.

లిస్టీరియా మోనోసైటోజెనిస్ అను సూక్ష్మజీవి చలికి లొంగునది కాదు. మంచు కరగు ఉష్ణోగ్రతకు సమీపమునను మెల్లమెల్లగా వృద్ధి పొందును, గడ్డకట్టిన పెట్టెలో పెరుగకున్నను చావదు. నేలకాలువలలోను, కన్వేయరు పట్టీల కీళ్ళలోను, బోలు రోలర్లలోను, చిట్లిన రబ్బరు సీళ్ళలోను చేరి, జిగటపొరను కవచముగా కప్పికొని, దినదినము పోయు క్లోరిన్ నీటిని లెక్కసేయక అది సంవత్సరముల తరబడి నివసింపగలదు. రొయ్యమాంసపు జిగురు మిగిలిన చోట క్లోరిన్ పోసినచో దాని శక్తి ఆ మలినముతోనే వ్యయమైపోవును గనుక, యంత్రమును విడదీసి, సబ్బుద్రావణముతో తోమి, కడిగిన పిమ్మటనే క్రిమిసంహారిణిని వాడవలెను. గొట్టముతో కాలువలోనికి బలముగా నీరు కొట్టుట శుభ్రత కానేకాదు. అది క్రిమిని తుంపరలుగా బల్లలమీదికి ఎగురగొట్టుట.

మన యిండ్లలో రొయ్య ఉడుకకుండ విస్తరిలోనికి రాదు గనుక ఈ భయము మనకు అతిశయోక్తిగా తోచవచ్చును. అయితే ఉడికించి, చల్లార్చి, తిరిగి వండకయే తినుటకై విదేశములకు పంపు సరకు మాట వేరు. లిస్టీరియా రక్తమునకో, మెదడుకో ప్రాకినచో రోగులలో ఇంచుమించు అయిదింట నొకవంతు మరణింతురు. గర్భిణుల కడుపులోని శిశువులకును ముప్పే.

తప్పు దొరకినప్పుడెల్ల పీలింగు బల్లయొద్ద నిలువుకాళ్ళపై పనిచేయు స్త్రీలను గద్దించుట మనకు సులభము. లోపలి భాగము విప్పుటకు వీలులేని యంత్రమును కొన్నది వారు కారు. రాత్రి శుద్ధికి చాలినంత కాలమీయక తరువాతి షిఫ్టును మొదలిడునదియు వారు కారు.

ఎగుమతి పెట్టెలనుండి 25 గ్రాముల మచ్చు తీసి పరీక్షించి తృప్తిపడుట చాలదు. ఈ మాలిన్యము అన్ని పెట్టెలలో సమముగా నుండదు. పని మొదలైన మూడు నాలుగు గంటలకు కాలువలయందును, యంత్రసంధులయందును దూదిపుల్లతో మచ్చు తీయవలెను. అట్లు తీసి, క్రిమి దొరకినదని నిజాయితీగా వ్రాసి, మూలము కనుగొని నిర్మూలించిన యజమానిని అనుమానించుచు, ఏటేట “లేదు” అని వ్రాయువానిని మెచ్చుకొను తనిఖీ తలక్రిందులైన తనిఖీ. వెదకి కనుగొన్నవానికి దండన యుండరాదు, వెదకనివానికి ఉండితీరవలెను. నేలకాలువల పరీక్షాఫలితములు చూపలేని కర్మాగారమునకు ఎగుమతి తనిఖీ మండలి అనుమతిని పొడిగింపరాదు.