సింహానికి దక్కని సింహభాగం

చాప్లిన్ ‘ది సర్కస్’ (1928)లో బోను దృశ్యం చూసినవారెవరూ మరచిపోలేరు. చార్లీ లోపల ఇరుక్కుపోతాడు, గడియ పడిపోతుంది. పక్కనే సింహం నిద్రలో ఉంది. బయట ఓ కుక్క అదే పనిగా మొరుగుతుంది. సింహం లేచి, అతన్ని వాసన చూసి, ఏమనుకుందో ఏమో, మళ్లీ పడుకుంటుంది. ఈ కాసేపటి నవ్వు కోసం దాదాపు 200 టేకులు తీశారు. చాప్లిన్ పట్టుదలను మెచ్చుకోవడానికి ఈ అంకె చెప్పనివారు లేరు. సింహం మాట ఎత్తేవారే తక్కువ.

మూకీల రోజుల్లో హాలీవుడ్‌కు సింహమంటే మోజు. 1919లో దర్శకుడు డిమిల్ ‘మేల్ అండ్ ఫిమేల్’ కోసం గ్లోరియా స్వాన్సన్ వీపు మీదికి నిజమైన సింహాన్నే ఎక్కించాడు. గిరాకీ చూసి ఛార్లెస్ గే, మ్యూరియల్ గే దంపతులు 1925లో లాస్ ఏంజిలస్ దగ్గర ఎల్ మాంటీలో సింహాల ఫారం తెరిచారు, మన కోళ్ల ఫారంలాగే. కూనల్ని పెంచడం, మచ్చిక చేయడం, స్టూడియోలకు అద్దెకివ్వడం. పైగా టికెట్టు పెట్టి జనానికి చూపించడం. యుద్ధకాలంలో మాంసానికి కటకట వచ్చి 1942లో అది మూతపడింది.

ఎం.జి.ఎం. స్టూడియో ముద్రలోని సింహం కథ ఇంకా విడ్డూరం. 1924 నుంచి తెరమీద తల తిప్పి చూసిన స్లాట్స్ అనే సింహం డబ్లిన్ జూలో పుట్టింది. మూకీలు కనుక దానికి గర్జించే పని పడలేదు. ఆ పని 1928లో జాకీ అనే మరో సింహం చేసింది. దాని గర్జన గ్రామఫోను రికార్డు మీంచి హాళ్లలో వినిపించింది. జనానికి మాత్రం ఏ సింహమైనా ‘లియో’యే. 1927లో ఆ సంస్థ ప్రచారం కోసం ఒక సింహాన్ని శాన్ డియాగో నుంచి న్యూయార్క్‌కు విమానంలో పంపితే, అది అరిజోనా కొండల్లో కూలింది. పైలట్ మార్టిన్ జెన్సెన్ నడిచి వెళ్లి సాయం తెచ్చేదాకా సింహం బోనులోనే ఉండి, బతికిపోయింది. ఆ బతకడం కూడా ప్రచారానికే పనికొచ్చింది. ‘కళ కళ కోసమే’ అని ముద్రలో లాటిన్‌లో రాసుకున్న సంస్థ ఇది!

2021లో ఆ ముద్రలోకి కంప్యూటర్ సింహం వచ్చేసింది. మంచిదే. కానీ పాత బాకీ మిగిలే ఉంది. నాటి చిత్రాలను మెరుగుపరచి మళ్లీ విడుదల చేస్తున్నవారు, తెలిసిన మేరకైనా ఆ సింహాల పేర్లనూ, శిక్షకుల పేర్లనూ నటీనటుల పట్టికలో చేర్చాలి.