మంచుమీద ఓపికా

పిల్లలూ, హంగరీ దేశపు ఓపికా హోర్వాత్ పేరు వింటే మీకు నవ్వు రావచ్చు. కాని ఆమె ఆటకు నిజంగానే ఓపిక కావాలి!

ఆ రోజుల్లో, బూట్ల అడుగున ఇనుపబద్దలు బిగించుకుని, మంచుమీద ఒంటికాలిపై జారుతూ ఎనిమిది అంకెలాటి గీతలు గీయాలి. మళ్ళీ అదే గీతమీదుగా జారాలి. గీత రెండుగా చీలిందో, మార్కులు పోయాయన్నమాటే! న్యాయనిర్ణేతలు వంగి మరీ చూసేవారు.

1911లో వియన్నాలో జరిగిన ప్రపంచపోటీలో ఆమె రెండవది. మొదటిది లిలీ క్రోన్‌బెర్గర్. ఆమెదీ హంగరీయే, అది ఆమెకు వరసగా నాలుగో గెలుపు. ఆ తరవాత 1912, 1913, 1914లలో ఓపికాయే గెలిచింది.

ఆ ఏడే మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది. మళ్ళీ పోటీలు జరిగేసరికి 1922 అయింది. అప్పుడు రంగంలో ఓపికా లేదు.