'చచ్చిపోతా'నన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు

ఇంట్లో ఎవరైనా పదేపదే 'చచ్చిపోతాను' అంటూంటే మనవాళ్ళలో చాలామంది 'అంతా నాటకం, అనేవాళ్ళు చేయరు' అని కొట్టిపారేస్తారు. మరికొందరు ఈమాన్ బలహీనపడిందని నిందిస్తారు. ఈ మాటలు ప్రాణాల మీదికి తెస్తాయి.

చిన్న మాటకే భగ్గుమనడం, నిన్న ప్రాణంగా చూసుకున్న వారిని నేడు ద్వేషించడం, అయినవాళ్ళు వదిలేస్తారేమోనని అనుక్షణం భయపడటం, తనను తాను గాయపరచుకోవడం ఏళ్ళ తరబడి కనిపిస్తూంటే, దాన్ని పొగరుగా భావించరాదు. అది 'బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్' అనే వ్యక్తిత్వ రుగ్మత కావచ్చు. ఈ రుగ్మత ఉన్నవారిలో నూటికి 8 నుంచి 10 మంది ఆత్మహత్యతో మరణిస్తున్నారని పాత అధ్యయనాలు తెలిపాయి. కొత్త అధ్యయనాల్లో ఆ సంఖ్య తగ్గినా, సామాన్య జనంకంటే ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువే.

వీరిలో చావాలన్న తలంపు తరచు తుఫానులా వచ్చి కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. ఆ గంటలు దాటించడం ఇంటివారి బాధ్యత. ఒంటరిగా వదలకూడదు, వాదనకు దిగకూడదు. వేరుశనగ, పత్తి పండించే మన కర్నూలు, కడప పల్లెల్లో పురుగుమందు ఇంట్లోనే ఉంటుంది. దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేయాలి. శ్రీలంకలో ప్రాణాంతకమైన పురుగుమందులను నిషేధించాక ఆత్మహత్యలు సగానికి పైగా తగ్గాయి.

ఆత్మహత్య హరామని రోగికీ తెలుసు. ఆ మాటతో భయపెడితే అతడు తన బాధను దాచుకుంటాడు. కడప పెద్ద దర్గాలో దువా చేయించండి, కాదనము. కాని తావీజుతో ఆగిపోకండి. వైద్యం చేయించుకోవడం దైవప్రవక్త (స) బోధించిన మార్గమే. కర్నూలు పెద్దాసుపత్రిలోనూ, కడప రిమ్స్‌లోనూ మానసిక వైద్యులున్నారు. 14416కు ఫోన్ చేస్తే రాత్రింబవళ్ళు ఉచితంగా తెలుగులో సలహా లభిస్తుంది.

ఈ రుగ్మతకు చికిత్స ఉంది. అమెరికా మనస్తత్వవేత్త మార్షా లినెహాన్ రూపొందించిన చికిత్సతో ఆత్మహత్యాయత్నాలు తగ్గినట్లు 1991లో వెల్లడైంది. పదిహేడేళ్ళ వయసులో తానూ ఇలాంటి బాధతోనే ఆసుపత్రి పాలయ్యానని ఆమె 2011లో ప్రకటించారు.

ఇమాములు ఈ విషయాన్ని జుమా ప్రసంగాల్లో ప్రస్తావించాలి. ఇంటి పెద్దలు బాధలో ఉన్నవారి పక్కన కూర్చుని, 'చావాలనిపిస్తోందా?' అని సూటిగా, ప్రేమగా అడగాలి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. చెప్పుకునే మనిషి దొరికితే ఎంతో బరువు దిగుతుంది.