డికీ బెట్స్ ఫిడేలు బాట

రాక్ విద్వాంసుడు పల్లె బాణీకి మళ్ళితే అది వెనుకంజ అని తలచేవారు మన విద్యార్థులలోనూ ఉన్నారు. ఆ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను.

ఫ్లారిడాలో 1943లో జన్మించిన డికీ బెట్స్ బాల్యంలో యుకులేలీ, మాండొలిన్, బాంజో అభ్యసించిన పిదపనే గిటారు చేపట్టారు. ఆల్‌మన్ బ్రదర్స్ బృందంలో ఖ్యాతి గడించాక, 1974లో ‘హైవే కాల్’ వెలువరించి, ఫిడేలు విద్వాంసుడు వాసర్ క్లెమెంట్స్‌తో కలసి కచేరీలు చేశారు. (ఫిడేలంటే మన వయొలినే, వాయించే తీరు వేరు.) ఆ ఏటి శాన్‌ఫ్రాన్సిస్కో వింటర్‌లాండ్ కచేరీ ధ్వనిముద్రణ వింటే, 1973 నాటి ‘ర్యాంబ్లిన్ మ్యాన్’లో గిటారు పలికిన మాధుర్యం కంట్రీ సంగీతపు సొత్తేనని స్పష్టమవుతుంది.

ఆపైన 1971 నాటి ‘ఎట్ ఫిల్‌మోర్ ఈస్ట్’ మళ్ళీ విన్నాను. బ్లూస్ హోరు నడుమ కూడా ఆయన తీగలపై ఆ పల్లె బాణీ నాకు వినిపించింది.