రాత్రి 11 గంటలకు 60 వేలు పంపాలి.. మీ బ్యాంకు పంపనిస్తుందా?

రాత్రి 11 దాటింది. పిన్ని ఫోన్. బాబాయ్‌కి ఛాతీలో నొప్పి వస్తే విజయవాడలో ఆస్పత్రికి తీసుకెళ్లారట. అడ్మిషన్‌కి ముందు 60 వేలు కట్టమన్నారట. "ఏరా, నా అకౌంట్లో వెయ్యగలవా? కార్డు గీకి కట్టేస్తా" అంది. "అయిదు నిమిషాల్లో వేస్తా పిన్నీ" అన్నా.

అకౌంట్లో డబ్బులున్నాయి. చేతిలో ఫోనుంది. చిక్కల్లా ఏంటంటే, ఆ ఫోను ఆ సాయంత్రమే కొన్నది. కొత్త ఫోన్లో యూపీఐ రిజిస్టర్ చేస్తే చాలా బ్యాంకుల్లో మొదటి 24 గంటలు 5 వేలు దాటనివ్వరు. సరే అని ల్యాప్‌టాప్ తెరిచి నెట్ బ్యాంకింగ్‌లోకి వెళ్లా. పిన్ని అకౌంట్ నంబరు రెండుసార్లు కొట్టా, ఓటీపీ ఇచ్చా, 'పేయీ విజయవంతంగా చేర్చబడింది' అని పచ్చ టిక్కు కూడా వచ్చింది. 60 వేలు కొట్టి పంపితే 'మీ లావాదేవీని పూర్తి చేయలేకపోతున్నాం' అని ఒక లైను, దాని పక్కన ఏదో కోడు. మూడుసార్లు ప్రయత్నించా. మూడుసార్లూ అదే. కస్టమర్ కేర్‌లో పావుగంట మ్యూజిక్ విన్నాక ఒకాయన తాపీగా చెప్పాడు: "కొత్తగా చేర్చిన పేయీకి మొదటి 24 గంటలు లిమిట్ ఉంటుంది సార్."

చివరికి పుణెలో ఉన్న మా అక్క పంపింది. తను నెలనెలా పిన్ని దగ్గర చిట్టీ కడుతుంది కాబట్టి పిన్ని పేరు ఆమె లిస్టులో ఎప్పటినుంచో ఉంది. రెండు నిమిషాల పని. బాబాయ్‌కి స్టెంట్ వేశారు, ఇప్పుడు బాగానే ఉన్నాడు. నాకు మాత్రం ఒక ప్రశ్న మిగిలిపోయింది. మనం బ్యాంకు ఎంచుకునేటప్పుడు వడ్డీ చూస్తాం, మినిమం బ్యాలెన్స్ చూస్తాం, ఆఫర్లు చూస్తాం. ఆ సైటు మన చేతికి ఎంత అలవాటవుతుందో ఎందుకు చూడం?

అందుకే మొన్న ఆదివారం ఇంట్లోవాళ్ల అకౌంట్లన్నీ ముందేసుకుని కూర్చున్నా. రంగులకీ, యానిమేషన్లకీ మార్కులు లేవు. అయిదు పనులు, అంతే. ఏ బ్యాంకులో ఏ పని ఎంత తేలిగ్గా అవుతుందో చూశా.

పరీక్ష 1: లోపలికి వెళ్లడం

ఇక్కడే ఒక్కో బ్యాంకుది ఒక్కో దారి. ఎస్‌బీఐలో యూజర్‌నేమ్ మనం పెట్టుకున్నదే. కానీ లాగిన్‌కి ఒక పాస్‌వర్డ్, లోపల ముఖ్యమైన మార్పులకి ప్రొఫైల్ పాస్‌వర్డ్ అని ఇంకోటి. హెచ్‌డీఎఫ్‌సీలో కస్టమర్ ఐడీ అనే అంకెలతో లోపలికెళ్లాలి. ఐసీఐసీఐలో డెబిట్ కార్డు వెనక గడుల్లో ఉన్న అంకెలు అడగడం పాత అలవాటు.

పైకి చూస్తే రెండు పాస్‌వర్డ్‌లు విసుగే. కానీ ఆలోచించండి, ఎవరైనా మీ లాగిన్ పాస్‌వర్డ్ కొట్టేసినా రెండో తాళం తెరవలేరు. గడుల అంకెలూ అంతే, కార్డు చేతిలో ఉంటే తప్ప కుదరదు. అయితే కార్డు ఇంట్లో పెట్టి ఆఫీసుకొచ్చినవాడికి ఇదే పెద్ద తలనొప్పి. అంటే ఎవరికి ఏది తేలికో వాళ్ల అలవాటును బట్టి ఉంటుంది. నా లెక్కలో అసలు పరీక్ష వేరే: పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడు ఇంట్లో కూర్చునే కొత్తది పెట్టుకోగలమా, బ్రాంచికి రమ్మంటారా? అకౌంట్ తెరిచిన మొదటి వారంలోనే ఒకసారి కావాలని 'ఫర్‌గాట్ పాస్‌వర్డ్' నొక్కి చూడండి. బ్యాంకు సంగతి సగం తెలిసిపోతుంది.

ఇంకో మాట. సెర్చ్‌లో బ్యాంకు పేరు కొట్టి మొదట వచ్చిన లింకు నొక్కే అలవాటుంటే మానేయండి. దొంగ సైట్ల బెడద తగ్గించడానికే బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాకి మారాలని ఆర్‌బీఐ చెప్పింది. ఆ చిరునామాలు ఇచ్చే పని మన హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీది. అడిగినవాళ్లందరికీ ఇవ్వరు, బ్యాంకులకే ఇస్తారు. కాబట్టి అడ్రస్ బార్‌లో చివర అదే ఉందో లేదో చూసుకుని బుక్‌మార్క్ చేసుకోండి. మధ్యలో ఎక్కడో 'బ్యాంక్' అనే మాట కనిపిస్తే చాలదు, చివర ఉండాలి.

పరీక్ష 2: కొత్త మనిషికి డబ్బు పంపడం

నేను బోల్తాపడింది ఇక్కడే. కొత్త పేయీకి కాసేపు లిమిట్ పెట్టడం తప్పు కాదు. మీ అకౌంట్లోకి దొంగ దూరితే మొదట చేసే పని తన అకౌంట్‌ను పేయీగా చేర్చుకోవడమే. ఆ ఆలస్యమే మనల్ని కాపాడేది. నా కోపమంతా ఆ సంగతి ముందు చెప్పనందుకు. మంచి సైటు పేయీని చేర్చిన వెంటనే 'రేపు ఇన్ని గంటలవరకు ఇంత మాత్రమే పంపగలరు' అని రాస్తుంది. మేం చూసినవాటిలో ఒకటి అచ్చంగా అలాగే చెప్పింది. మిగతావి పచ్చ టిక్కు చూపించి ఊరుకున్నాయి.

రెండో గందరగోళం: నెఫ్ట్, ఆర్‌టీజీఎస్, ఐఎంపీఎస్. ఏది నొక్కాలి? చాలా సైట్లు ఆ మూడు పేర్లూ మన ముందు పడేసి తేల్చుకోమంటాయి. తేడా ఇంతే. ఐఎంపీఎస్ అప్పటికప్పుడు చేరుతుంది, 5 లక్షల వరకు. ఆర్‌టీజీఎస్ కనీసం 2 లక్షలుంటేనే. నెఫ్ట్ అరగంటకో విడతగా వెళ్తుంది, 2019 డిసెంబరు నుంచి పగలూ రాత్రీ, ఆదివారం, పండగ అన్న తేడా లేదు. సేవింగ్స్ అకౌంట్ నుంచి ఆన్‌లైన్‌లో నెఫ్ట్ చేస్తే ఛార్జీ కూడా ఉండదు. 'ఎంత పంపాలి, ఎప్పటికి చేరాలి' అని అడిగి దారి తనే ఎంచే సైటుకి నా పూర్తి మార్కులు.

మూడోది పేరు. మనలో చాలామందికి తెలియని సంగతేంటంటే, ఆన్‌లైన్‌లో డబ్బు వెళ్లేది అకౌంట్ నంబరును బట్టే, పేరును బట్టి కాదు. ఒక్క అంకె తప్పితే వేరేవాళ్లకి పోవచ్చు. అందుకే నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో కూడా పంపేముందు అవతలివాళ్ల పేరు చూపించే ఏర్పాటు 2025 ఏప్రిల్ 1కల్లా చెయ్యాలని ఆర్‌బీఐ ఆదేశించింది. ఆ పేరు కనిపించినప్పుడు ఒక్క క్షణం ఆగి చదవండి.

మన పెద్దవాళ్ల పాస్‌బుక్కులతో ఇంకో తిప్పలు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లోనే ఎస్‌బీఐలో కలిసింది. తాతయ్య బీరువాలోని పాస్‌బుక్కు మీదున్న ఐఎఫ్‌ఎస్‌సీ కోడు కొడితే ఇప్పుడు పనిచెయ్యదు. బ్రాంచి పేరు, ఊరు కొట్టి కోడు వెతుక్కునే వీలు సైటులోనే ఉంటే ఎంత హాయో.

పరీక్ష 3: కార్డు పోయింది, ఆపాలి

బస్సులో పర్సు పోయింది. కార్డు ఆపడానికి ఎన్ని నొక్కులు? స్టాప్‌వాచ్ పెట్టి చూశాం. ఒక యాప్‌లో మొదటి పేజీలోనే 'కార్డ్స్', లోపల ఆన్-ఆఫ్ బటన్, మూడు నొక్కుల్లో పనైపోయింది. ఇంకోదాంట్లో 'సర్వీసెస్', అందులో 'అదర్ సర్వీసెస్', అందులో 'రిక్వెస్ట్స్', అందులో 'కార్డ్ హాట్‌లిస్టింగ్'. హాట్‌లిస్టింగ్ అంటే కార్డును ఆపేయడం అని పర్సు పోయిన కంగారులో ఎవరికి తడుతుంది? బ్యాంకు లోపల వాళ్లు మాట్లాడుకునే మాటలు తెచ్చి మెనూలో పెడితే ఇలాగే ఉంటుంది.

కార్డును మనమే ఆన్, ఆఫ్ చేసుకునే సౌకర్యం, లిమిట్ మార్చుకునే సౌకర్యం ప్రతి బ్యాంకూ ఇవ్వాలన్న ఆర్‌బీఐ రూలు 2020 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. కాబట్టి మీ యాప్‌లో అది ఉండే తీరుతుంది. ఎక్కడుందో ఇవాళే వెతికిపెట్టుకోండి, పర్సు పోయిన రోజు కాదు.

పరీక్ష 4: కాగితాలు తీసుకోవడం

ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌కి వడ్డీ సర్టిఫికెట్, వీసాకి ఆరు నెలల స్టేట్‌మెంట్. ఈ పరీక్షలో ప్రభుత్వ బ్యాంకుల పాత సైట్లు నన్ను ఆశ్చర్యపరిచాయి. చూడ్డానికి పాతకాలం గవర్నమెంటు ఆఫీసులా ఉంటాయి కానీ, ఏ కాగితం ఏ సొరుగులో ఉందో అక్కడ రాసి ఉంటుంది. తళతళలాడే కొన్ని యాప్‌లలో మాత్రం మూడు నెలలకి మించి స్టేట్‌మెంట్ కావాలంటే వెబ్‌సైటుకి పొమ్మన్నారు. డౌన్‌లోడ్ అయిన పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఒక్కో బ్యాంకుది ఒక్కో తీరు: ఒకచోట కస్టమర్ ఐడీ, ఇంకోచోట పేరులో నాలుగక్షరాలు, పుట్టినతేదీ. ఆ సూత్రం స్క్రీన్ మీదే రాసినవాళ్లు బతికించారు.

పరీక్ష 5: అమ్మ పరీక్ష

అన్నిటికన్నా కష్టమైనది. ఫోను అమ్మ చేతికిచ్చి "పెన్షన్ పడిందో లేదో చూడమ్మా" అన్నా. పక్కనే కూర్చున్నా, నోరు మెదపలేదు.

లాగిన్ అవగానే తెర నిండా 'మీకోసం ప్రీ-అప్రూవ్డ్ లోన్' అని ఒక బొమ్మ. దాన్ని మూసే గుర్తు మూలన ఆవగింజంత. 'ఇప్పుడే తీసుకోండి' బటన్ మాత్రం అరచేయంత. అమ్మ సహజంగానే పెద్ద బటన్ వైపు వేలు పెట్టింది. నేనే పట్టుకుని ఆపా. ఇలా మనల్ని తికమకపెట్టి నొక్కించే డిజైన్లని 'డార్క్ ప్యాటర్న్స్' అంటారు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో ఇలాంటివి 13 రకాలు గుర్తించి, వాడకూడదని మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

తర్వాత అమ్మ కళ్లద్దాల కోసం లేచింది. వచ్చేసరికి సెషన్ అయిపోయింది. మళ్లీ వెళ్లి వెనక్కి రావడానికి బ్రౌజర్‌లో బ్యాక్ నొక్కింది, మళ్లీ బయటికి గెంటేసింది. "ఏటీఎం నయం, తెలుగు కావాలా అని ముందే అడుగుతుంది" అంది అమ్మ. నేను రాసుకున్న రెండు పేజీల నోట్సు కన్నా ఆ ఒక్క మాట బరువైనది.

మరి ఎవరు గెలిచారు?

అయిదింటిలోనూ గెలిచిన బ్యాంకు ఒక్కటీ లేదు. రోజువారీ పనులు, కార్డు కంట్రోల్ కొత్తతరం యాప్‌లలో చకచకా అయ్యాయి. కాగితాల విషయంలో పాత వెబ్‌సైట్లే నయం. అందుకే నా సలహా, ఒకే బ్యాంకు మీద ఆధారపడకండి. వీలైతే ఇంకో బ్యాంకులో చిన్న అకౌంట్ ఒకటి, కొంచెం డబ్బుతో, ఉంచుకోండి. సర్వర్ పడుకున్న రోజు అదే ఆదుకుంటుంది.

ఇక ఈ ఆదివారం ఒక అరగంట తీయండి. అమ్మానాన్న, అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు, ఆపదలో మీకు ఫోన్ చేసేవాళ్లు, మీరు ఫోన్ చేసేవాళ్లు.. వాళ్ల అకౌంట్లన్నీ పేయీలుగా చేర్చి తలా ఒక రూపాయి పంపి చూడండి. రోజువారీ లిమిట్ ఎంతుందో చూసి సరిచేసుకోండి. డబ్బు కట్ అయ్యి అవతల చేరకపోతే, యూపీఐ అయినా ఐఎంపీఎస్ అయినా మర్నాటికల్లా వెనక్కి రావాలి. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున బ్యాంకే మీకు కట్టాలి. మోసం జరిగిందనిపిస్తే క్షణం ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి.

నేనైతే పిన్ని నంబరు రెండు బ్యాంకుల్లోనూ చేర్చేశా. పరీక్ష కోసం ఒక్కో రూపాయి పంపా. పది నిమిషాల్లో బాబాయ్ ఫోన్ చేశాడు. "ఏరా, ఇదేనా నువ్వు పంపిన 60 వేలు?"